పాత యిండ్లలో విద్యుత్సరఫరాను, మెయిన్ ఫ్యూజును గుర్తించు విధము

ప్రతి గృహమునకును ఒక సింహద్వారము గలదు. లోనికి వచ్చువారందరును ఆ ద్వారముననే వచ్చెదరు. గడియ వేసినచో రాకపోకలు నిలిచిపోవును. విద్యుచ్ఛక్తికిని ఇంటిలో అట్టి ద్వారమొకటి యుండును. వీథిలోని స్తంభమునుండి వచ్చిన శక్తి ఒక్కచోట గోడ దాటి లోనికి ప్రవేశించి, మీటరును, ఫ్యూజును, మెయిన్ స్విచ్చిని గడచి గదులకు పంచబడుచున్నది. ఈ ద్వారమెచ్చట నున్నదో, దాని గడియ యేదో, ఇంటిలోని పెద్దలకును పిన్నలకును తెలిసియుండుట మిక్కిలి యవసరము. అయినను ఏ గదిలో ఎన్ని దీపములు గలవో తడుముకొనక చెప్పగల బాలురు సైతము, “మీ యింటి మెయిన్ ఫ్యూజు ఎచ్చట నున్నది?” అని మేమడిగినయెడల బదులు చెప్పలేక యూరకుందురు.

ఇది కేవలము వినోదమునకై తెలిసికొనదగిన విషయము కాదు. తడిబట్టలు ఆరవేయు ఇనుపతీగకు విద్యుత్తు సోకి, దానిని పట్టుకొన్నవారు విడిపించుకొనలేక కొట్టుకొనుచుండగా, చూచినవారు పరుగెత్తి చేతితో లాగి తామును ప్రాణములు గోల్పోవుట మన పల్లెలలోను పట్టణములలోను విని యెరుగని సంగతి కాదు. అట్టి సమయమున రక్షించునది బలము కాదు, కేకలు కాదు; మెయిన్ స్విచ్చి యెచ్చటనో ముందే యెరిగియుండుట. ఆ యెరుక సంపాదించు మార్గమును పాత యిండ్లను దృష్టియందుంచుకొని ఈ వ్యాసమున వివరింపదలచితిమి. క్రొత్త యిండ్లలో పెట్టెలపై పేర్లు వ్రాసియుండును. పాత యిండ్లలోనైతే తాతల నాటి కర్రపట్టీలు, తండ్రుల నాటి పింగాణి ఫ్యూజులు, మన నాటి ప్లాస్టిక్కు తీగలు ఒకే గోడపై కలగలిసి యుండును. కావున వానిని చదువుటకు కొంత నేర్పు కావలెను.

ముందుగా ఒక కట్టడి. బాలబాలికలు ఈ పరిశోధనమును కన్నులతోను, కాగితముతోను, పెన్సిలుతోను మాత్రమే చేయవలెను. దేనిని విప్పరాదు, దేనిని లాగరాదు, దేనిని తాకరాదు. పెద్దవారొకరు వెంట నుండవలెను.

శక్తి వచ్చు మార్గము

ట్రాన్స్‌ఫార్మరు 11,000 వోల్టుల శక్తిని తగ్గించి వీథి తీగలకు ఇచ్చును. ఆ తీగలలో మూడు ఫేజు తీగలు, ఒకటి న్యూట్రల్ తీగ. కొన్ని వీథులలో దీపస్తంభముల కొరకు ఐదవ తీగయు నుండును. ఏ రెండు ఫేజుల నడుమనైనను సుమారు 400 వోల్టులు, ఒక ఫేజునకును న్యూట్రలునకును నడుమ సుమారు 230 వోల్టులు ఉండును. పాత మీటర్లపై 230 అనియు, 240 అనియు, పాత స్విచ్చీలపై 250 అనియు వ్రాసియుండుట చూచి ఇవి వేర్వేరు సరఫరాలని భ్రమపడరాదు. మీటరుపై నుండునది సరఫరాకు పెట్టిన పేరు. స్విచ్చిపై నుండునది అది ఓర్వగల హద్దు.

స్తంభముపై నెన్ని తీగలున్నవో లెక్కించినంత మాత్రమున మన యింటి సంగతి తెలియదు. స్తంభమునుండి మన గోడకు వచ్చు తీగలనే చూడవలెను. రెండు తీగలు వచ్చినచో అది సింగిల్ ఫేజు. నాలుగు వచ్చినచో త్రీ ఫేజు. ఇచ్చట పలువురు పొరబడు విషయమొకటి గలదు. సర్వీసు తీగ బరువును మోయుటకై దాని వెంట ఒక ఇనుపతీగను బిగించి కట్టుదురు. అది శక్తిని తెచ్చునది కాదు. దానిని లెక్కలో చేర్చరాదు. అయినను దానిని నిర్భయముగ ముట్టదగినదనియు తలపరాదు. ఎండకు వానకు సర్వీసు తీగపైనున్న తొడుగు పగిలినప్పుడు ఈ ఇనుపతీగకు శక్తి సోకవచ్చును. దీనికిగాని, సర్వీసు గొట్టమునకుగాని బట్టల తీగను కట్టుట మృత్యువును పెరటిలోనికి పిలుచుటయే.

గోడపై సాధారణముగ ఒక ఇనుపగొట్టముండును. వాననీరు లోనికి దిగకుండునట్లు దాని పైకొన క్రిందికి వంచబడియుండును. ఆ గొట్టము వెంట చూపును నడిపించినచో మీటరు బల్ల కనబడును. పాత యిండ్లలో ఇది వీథి అరుగుపైననో, నడవలోనో, తలుపు వెనుకనో, మెట్ల క్రిందనో యుండును. తరువాతి కాలమున దానికి అడ్డముగ బీరువాయో ధాన్యపు బస్తాలో చేర్చియుండుటయు కద్దు. అట్లున్నచో పరిశోధనమునకంటె ముందు చేయవలసిన పని వానిని తొలగించుట.

మీటరు చెప్పు మాటలు

మీటరు ముఖముపైనున్న పలకను శ్రద్ధగా చదువవలెను. సింగిల్ ఫేజు మీటరైనచో 240 వంటి ఒక్క వోల్టు సంఖ్య యుండును. త్రీ ఫేజు మీటరైనచో 3 × 240/415 అనునట్లు రెండు సంఖ్యలు కలిపి యుండును. 50 అను సంఖ్య ప్రవాహము సెకనుకు ఎన్ని పర్యాయములు ముందు వెనుకలగుచున్నదో తెలుపును. 5–20 లేక 10–40 వంటి సంఖ్యలు ఆంపియర్లను తెలుపును. అయితే ఈ ఆంపియర్లు మీటరు సరిగా కొలువగల మేరయే గాని మెయిన్ ఫ్యూజు బలము కాదు. ఈ రెంటిని ఒకటిగ నెంచుట సామాన్యముగ జరుగు పొరపాటు.

పాత మీటరులో అల్యూమినియపు చక్రమొకటి తిరుగుచుండును. యూనిటుకు ఎన్ని చుట్లో పలకపై వ్రాసియుండును. 600 చుట్లని యున్నదనుకొనుడు. ఇంటిలో 100 వాట్ల దీపమొకటి మాత్రమే వెలుగుచున్నప్పుడు చక్రము నిమిషమునకు ఒక్క చుట్టు తిరుగవలెను. ఏలయనగా 100 వాట్ల దీపము గంటకు యూనిటులో పదవవంతు, అనగా 60 చుట్లకు సరిపోవు శక్తిని తినును. ఈనాటి ఎలక్ట్రానిక్ మీటర్లలో చక్రమునకు బదులుగ ఎఱ్ఱని చిన్న దీపము మినుకుమినుకుమనును. యూనిటుకు ఎన్ని మినుకులో దానిపైనను వ్రాసియుండును. పై తరగతి బాలురకు ఇది మంచి లెక్క.

ఈ చక్రము మరియొక పరీక్షకును ఉపకరించును. పెద్దవారు మెయిన్ స్విచ్చి దించిన పిదప చక్రము నిలిచిపోవలెను. నిలువనియెడల ఆ స్విచ్చికి లోబడని మార్గము మరియొకటి ఎచ్చటనో ఉన్నదని యర్థము. నిలిచినను, శక్తి పూర్తిగా పోయినదని తలపరాదు. స్తంభమునుండి మీటరు వరకును, మీటరునుండి మెయిన్ స్విచ్చి పై భాగము వరకును ఉన్న తీగలు అప్పుడును సజీవములే. ఇంటివారి స్విచ్చి వానిని చంపజాలదు. మీటరునకు వేసిన సీలును ఎవ్వరును విప్పరాదు. అది విద్యుత్సంస్థవారి పని.

ఫ్యూజనగా నేమి?

తీగలో ప్రవాహము నడచునప్పుడు వేడి పుట్టును. ఆ వేడి ప్రవాహము యొక్క వర్గమును బట్టి పెరుగునని జూల్ అను శాస్త్రజ్ఞుడు 1841వ సంవత్సరమున ప్రకటించెను. అనగా ప్రవాహము రెట్టింపైనచో వేడి నాలుగు రెట్లగును; మూడింతలైనచో తొమ్మిది రెట్లగును. కావున మార్గమునందు ఒకచోట బుద్ధిపూర్వకముగ సన్నని తీగను ఉంచుదురు. ప్రవాహము మితిమీరినప్పుడు ఆ తీగ కరగి తెగిపోవును. గోడలోని తీగలు దక్కును. తాను నశించి యింటిని కాపాడునదే ఫ్యూజు.

పాత యింటిలో మొదటి ఫ్యూజు విద్యుత్సంస్థవారిది. అది మీటరు చెంతనే చిన్న ఇనుపపెట్టెలోనో పింగాణి గూటిలోనో సీలుతో నుండును. కొన్ని యిండ్లలో ఇది కనబడదు. స్తంభమునుండి తీగ తిన్నగా మీటరునకే వచ్చును. రెండవది ఇంటివారిది. మీటరు తరువాత ప్రక్కన పిడిగల ఇనుపపెట్టె యొకటి యుండును. అదియే మెయిన్ స్విచ్చి. పిడి పైకెత్తిన సరఫరా కలుగును, దించిన తెగును అనునది వాడుక; అయినను పెట్టెపైనున్న గుర్తును చూచియే నిశ్చయించుకొనవలెను. లోపల తెల్లని పింగాణి ఫ్యూజులుండును. ఆ తరువాత గదులకు పోవు చిన్న ఫ్యూజులు వరుసగ బల్లపై నుండును. వీనినే మెయిన్ ఫ్యూజులని పలువు రనుకొందురు. తీగ ఏ దిక్కునుండి వచ్చుచున్నదో చూచి, మీటరు తరువాత మొట్టమొదట తగులు ఫ్యూజునే ఇంటి మెయిన్ ఫ్యూజుగ గ్రహింపవలెను.

పింగాణిపై 16 అనియో 32 అనియో ముద్రించియుండును. అది గూడు ఎంత ప్రవాహమునకు తగినదో తెలుపును గాని, అందు చుట్టిన తీగ ఎంతటిదో తెలుపదు. 32 ఆంపియర్ల గూటిలో 5 ఆంపియర్ల తీగ యుండవచ్చును. 16 ఆంపియర్ల గూటిలో ఎవరో తొందరపాటున మొద్దు తీగను చుట్టియుండవచ్చును. తగరము పూసిన రాగి ఫ్యూజు తీగ 5 ఆంపియర్లకు 0.2 మిల్లీమీటరును, 15 ఆంపియర్లకు 0.5 మిల్లీమీటరును, 30 ఆంపియర్లకు 0.85 మిల్లీమీటరును మందముండును. వెండ్రుకవలె నున్నదా, కుట్టుసూదివలె నున్నదా యని చూచినంతనే ఎలక్ట్రీషియను భేదము గ్రహించును. ఇంతేకాక, ఈ విధమగు ఫ్యూజు తన సంఖ్యను దాటినంతనే తెగదు. తెగుటకు సుమారు రెండింతల ప్రవాహము కావలెను.

ఫ్యూజు మాటిమాటికి పోవుచున్నదని విసిగి రాగిపోగులను పెనవేసి చుట్టువారు గలరు. వారెరుగవలసిన దేమనగా, ఫ్యూజును మొద్దుచేసినంత మాత్రమున కరగుట తప్పదు. కరగు చోటు మాత్రము మారును. అప్పుడు గోడలోని తీగయే, కర్రపట్టీలోని తీగయే ఫ్యూజగును. ఆ కర్రకు నిప్పంటుకొనుటకు నిమిషములు చాలును.

రెండు ఫ్యూజులున్న పెట్టె

పాత యింటిలో ప్రత్యేకముగ చూడవలసినదొకటి గలదు. మెయిన్ స్విచ్చి పెట్టెలో ఫేజునకు ఒక ఫ్యూజు, న్యూట్రలునకు ఒక ఫ్యూజు, ఈ రీతిగ రెండు ఫ్యూజులుండుట. పూర్వము ఇది జాగ్రత్తయని తలపబడెను. కలకత్తావంటి పట్టణములలో 1899లో సరఫరా ఆరంభమైనప్పుడు అది డైరెక్టు కరెంటు. అట్టి కాలపు అలవాటులు ఆల్టర్నేటింగు కరెంటు వచ్చిన పిదపను కొంతకాలము నిలిచియుండెను. ఇందలి ప్రమాదమును ఆలోచింపుడు. న్యూట్రల్ ఫ్యూజు మాత్రము తెగినయెడల దీపములన్నియు ఆరిపోవును, పంకాలు నిలిచిపోవును. “కరెంటు లేదు” అని ఇంటివారు నిశ్చింతగ నుందురు. కాని ఫేజు తీగ ప్రతి గదిలోను, ప్రతి హోల్డరులోను సజీవముగనే యుండును. దీపము మార్చబోయిన చేతికి 230 వోల్టులు తగులును.

ఈ కారణముచేతనే 1956 నాటి భారత విద్యుచ్ఛక్తి నియమావళి న్యూట్రల్ తీగలో విడిగ ఫ్యూజు నుంచరాదని శాసించెను. అచ్చట ఫ్యూజునకు బదులు తెగని లోహపు లింకును ఉంచవలెను. స్విచ్చి మాత్రము రెండు తీగలను ఒక్కసారిగ తెంపునట్టిదై యుండవలెను. మీ యింటి పెట్టెలో రెండు ఫ్యూజులు గలవని ఎలక్ట్రీషియను చెప్పినచో, దానిని మార్పించుట వాయిదా వేయదగిన పని కాదు.

సాధారణ టెస్టరును అతిగ నమ్మరాదని కూడ ఇచ్చట చెప్పవలసియున్నది. న్యూట్రల్ తెగినప్పుడు, వేసియున్న దీపము గుండ ఫేజు మరలివచ్చి రెండు తీగలలోను టెస్టరు వెలుగవచ్చును. టెస్టరు చెడియున్నచో సజీవమగు తీగపైనను వెలుగకపోవచ్చును. వెలుగు ప్రమాదమును చూపును. వెలుగకుండుట క్షేమమునకు సాక్ష్యము కాదు.

ఇంటికి ఎంత బలము గలదు?

ఆంపియర్లను వోల్టులతో హెచ్చించిన వాట్లు వచ్చును. 230 వోల్టులలో 5 ఆంపియర్లు 1,150 వాట్లు. 15 ఆంపియర్లు 3,450 వాట్లు. 30 ఆంపియర్లు 6,900 వాట్లు. పాత యిల్లు కట్టిన నాడు ఆరు 40 వాట్ల దీపములు, రెండు 75 వాట్ల పంకాలు ఉన్నవనుకొందము. మొత్తము 390 వాట్లు. ప్రవాహము రెండు ఆంపియర్లయినను కాదు. అదే యింట నేడు 2,000 వాట్ల గీజరు, 1,500 వాట్ల ఎయిర్ కండిషనరు, 1,000 వాట్ల ఇస్త్రీ పెట్టె ఒక్కసారి నడిపినచో 4,500 వాట్లు, అనగా ఇంచుమించు 20 ఆంపియర్లు. గోడపై తీగ మాత్రము నాటిదే.

కావున గొలుసులో మిక్కిలి బలహీనమైన కొలికియే యింటి బలమని తెలియవలెను. సర్వీసు తీగ, మీటరు, మెయిన్ స్విచ్చి, ఫ్యూజు తీగ, లోపలి తీగలు, వీనిలో దేని శక్తి తక్కువయో అదియే ప్రమాణము. నెలనెల వచ్చు బిల్లును చదివినచో ఫేజు సంఖ్యయు, కిలోవాట్లలో ఒప్పుకొన్న లోడును తెలియును. బిల్లునకును పెట్టెకును పొంతన కుదరనిచో విద్యుత్సంస్థవారి లైనుమన్‌ను అడుగవలెను.

లోపలి తీగల వయస్సు వాని రూపముననే కనబడును. గాడులు తీసిన టేకుపట్టీలు, వానిపై మూతలు, లోపల గుడ్డ అల్లిన రబ్బరు తీగలు ఉన్నచో అవి మిక్కిలి పాతవి. సన్నని కర్రపట్టీపై లోహపు క్లిప్పులతో బిగించిన తీగలు వాని తరువాతివి. గుండ్రని కర్రదిమ్మెలపై నల్లని స్విచ్చీలు, రెండు రంధ్రముల సాకెట్లు ఈ రెండు కాలములకును చిహ్నములు. రబ్బరు ఏండ్లు గడచిన కొలది ఎండి పెళుసగును. కదల్పనంతవరకు చెక్కుచెదరక యున్నట్లుండి, కదల్చినంతనే రాలిపోవును. కావున అట్టి తీగలను వంచి చూడరాదు.

భూమికి పోవు తీగ

ఫ్యూజు తీగలను కాపాడును గాని మనుష్యుని కాపాడదు. ఆంపియరులో నూటికి మూడు వంతుల ప్రవాహమే దేహము గుండ నడచినను ప్రాణాపాయము కలుగవచ్చును. 15 ఆంపియర్ల ఫ్యూజు దానికి 500 రెట్లు ప్రవాహమును నిరాటంకముగ పోనిచ్చును. మనిషి పడిపోయినను ఫ్యూజు తెగదు. ఈ కొరతను తీర్చునవి రెండు. ఒకటి ఎర్తు తీగ. రెండవది నూటికి మూడు వంతుల ఆంపియరు, అనగా 30 మిల్లీ ఆంపియర్లు దారి తప్పినంతనే సరఫరాను తెంపు ఆర్.సి.సి.బి. అను స్విచ్చి.

పెరటిలో ఉప్పు, బొగ్గు వేసి పాతిన గొట్టమును, దానినుండి మెయిన్ స్విచ్చి పెట్టెకు వచ్చు వట్టి తీగను వెదకి చూడుడు. కొన్ని పాత యిండ్లలో కుళాయి గొట్టమునకే ఎర్తు తీగను చుట్టిరి. ఇనుపగొట్టము భూమిలో నున్నంతకాలము అది పనిచేసెను. తరువాత మరమ్మతులలో కొంతభాగము ప్లాస్టిక్కు గొట్టముగ మారినచో భూమితో సంబంధము తెగినట్లే. తీగ మాత్రము చూపునకు యథాతథముగ నుండును. మూడు రంధ్రముల సాకెటు ఉన్నంతమాత్రమున ఎర్తు ఉన్నదని నిశ్చయింపరాదు. మూడవ రంధ్రము వెనుక తీగయే లేని సాకెట్లు పాత యిండ్లలో పెక్కులు గలవు. న్యూట్రలును ఎర్తుగ వాడుట మరింత ప్రమాదకరము.

పంచుకొన్న యిండ్లు

అన్నదమ్ములు పంచుకొన్న ఇండ్లను గూర్చి ప్రత్యేకముగ హెచ్చరింపవలెను. నడుమ గోడ లేచును. రెండవ మీటరు వచ్చును. తీగలు మాత్రము పూర్వపు దారులనే యుండును. ఒకరి మెయిన్ స్విచ్చి దించినను, వారి వంటయింటి దీపము అవతలి భాగము సరఫరాతో వెలుగుచుండవచ్చును. ఇన్వర్టరు ఉన్నచో మెయిన్ దించినంతనే అది తనంతట మేల్కొని కొన్ని తీగలకు 230 వోల్టులు పంపును. కావున ఇంటికి ఎన్ని ద్వారములున్నవో లెక్కించి, ఒక్కొక్క దానిని ఎట్లు మూయవలెనో వేరువేరుగ తెలిసికొనవలెను. ఒక్కొక్క మెయిన్‌ను దించి, ఏ గది దీపములు ఆరినవో, ఏవి ఆరలేదో వ్రాసికొనుటయే దీనికి ఉత్తమమార్గము.

చేయదగిన పని

మా విద్యార్థులకు ఈ సెలవులలో ఒక పనిని ఒప్పగించుచున్నాము. తల్లిదండ్రులలో ఒకరిని వెంటబెట్టుకొని, స్తంభము మొదలు ఆఖరి గది వరకు ఇంటి విద్యుత్పటమును గీయుడు. ఫేజు సంఖ్య, మీటరు పలకలోని సంఖ్యలు, మెయిన్ స్విచ్చి స్థానము, పెట్టెపై ముద్రించిన ఆంపియర్లు, ఎర్తు గొట్టము చోటు, ఇన్వర్టరు ఉన్నచో దాని స్విచ్చి, ఏ ఫ్యూజునకు ఏ గది, ఇవన్నియు అందు చేర్చుడు. తెలియనిచోట ఖాళీ విడిచి, ఎలక్ట్రీషియను వచ్చిననాడు అడిగి పూరింపుడు. పెట్టె వెచ్చనైనను, చిటపట ధ్వని వచ్చినను, కాలిన వాసన తగిలినను, పింగాణిపై నలుపు కనబడినను ఆ దినముననే పెద్దలకు చెప్పుడు. సరఫరా ఫిర్యాదులకు 1912 అను ఫోను నంబరు గలదు. దానిని కూడ పటముపై వ్రాయుడు.

తల్లిదండ్రులకు మా మనవి యొక్కటే. ఆ పటమును మెయిన్ స్విచ్చి ప్రక్కనే అంటించి, దారికి అడ్డములేకుండ జేసి, ఇంటిలోని ప్రతివారిచేతను, కన్ను మందగించిన అవ్వచేతను, పదియేండ్లు దాటిన బాలునిచేతను, ఒక్కసారి పొడి చేతులతో, కాళ్లకు చెప్పులతో ఆ పిడిని దింపించుడు. ఎవరికైన షాకు తగిలినప్పుడు మొదట పిడి దించుట, దానికి వ్యవధి లేనిచో పొడి కఱ్ఱతో తీగను తొలగించుట, మనిషిని వట్టి చేతితో తాకకుండుట, ఈ మూడును అప్పుడే నేర్పుడు. చీకటిలో తడుముకొనినను చేయి తిన్నగా ఆ పిడి మీదికే పోవునంతవరకు అభ్యాసము చేయింపుడు.